మా సంఘపు పెద్దలు

మా యూరి చేనేత సహకార సంఘపు కార్యాలయమున గోడనిండ పటములున్నవి. సంఘము పుట్టినది మొదలు అధ్యక్షులుగా నుండినవారి పటములవి. మొదటి రెండింటిలో తలపాగలు, తరువాతివానిలో తెల్లటోపీలు, ఆ తరువాత వట్టి తలలు. అందరి మెడలలోను పూలదండలు. ఆడుదాని పట మొక్కటియు లేదు. మేము కోడలిగా ఆ యూరికి వచ్చినది మొదలు మజూరి చీటి చేతబట్టుకొని యెన్నిమారులో ఆ గోడయెదుట నిలుచుంటిమి. గోడకు సున్నము వేసి చాల యేండ్లైనదని తోచినది గాని, ఆ వరుసలో స్త్రీ లేదని యొక్కనాడును తోచలేదు. ఐదేండ్లు ఆ గదిలోపల కుర్చీమీద కూర్చున్న పిమ్మట తోచినది. ఆ ఐదేండ్ల సంగతి కొంత మన సోదరీమణులతో చెప్పుకొనవలెనని చాలకాలముగా అనుకొనుచున్నాము.

మాది నల్లగొండ సీమ. 2016లో జిల్లాలను విడదీసిన తరువాత మా ప్రాంతమునకు యాదాద్రి భువనగిరి జిల్లా యని పేరు వచ్చినను, మా అత్తగారికి మాత్రము నేటికిని నల్లగొండయే. పోచంపల్లి మాకు దూరము కాదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావేగారు అచ్చటికి రాగా వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరముల భూమి నిచ్చిరనియు, భూదానోద్యమ మచ్చటనే మొదలైనదనియు మీరందరు చదివియే యుందురు. ఆ యూరి చీరను గూర్చి మాత్రము, దానిని కట్టుకొనువారికే సగము తెలియదు. చీరమీది బొమ్మ మగ్గముమీద పుట్టునని చాలమంది తలంతురు. అది పొరపాటు. నేతకు ముందే బొమ్మ నూలులో దాగియుండును. నూలును ఆసుపోసి, గీతలు గీసి, రంగు పట్టరాని చోటులను రబ్బరు పట్టీలతో బిగియ ముడివేసి, రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని ముడులు విప్పి మరికొన్ని కట్టి, తిరుగ ముంచుదురు. దీనినే మావైపు చిటికి యందురు. ఒక్క ముడి వెంట్రుకవాసి జరిగినచో ఏనుగు తొండము వంకరపోవును. మగ్గమెక్కిన తరువాత దానిని దిద్దువాడు లేడు. చిత్రకారుడు కుంచెతో గుడ్డమీద వ్రాయునది, మేము గుడ్డ పుట్టకమునుపే దారముమీద వ్రాయుదుము. మేమనగా ముక్కాలు మువ్వీసము ఆడువారము.

ఆసు మాట చెప్పక తప్పదు. ఒకవైపు ఒక్క మేకును, ఎదుటివైపు అర్ధచంద్రాకారముగ మేకుల వరుసయు గల కొయ్యచట్టముమీద, చేతితో దారమును అటునిటు చుట్టుచు పోవుట ఆసుపోయుట. ఒక్క చీరకు దాదాపు 9,000 మారులు చేయి చాచి ముడువవలెను. దినమునకు రెండు చీరలకు పోసిన 18,000. ఈ పని యింటింటను స్త్రీలదే. నలువదేండ్లు నిండకమునుపే భుజము పట్టుకొనిపోయి, తలదువ్వుకొనుటకు కూతురిని పిలుచుకొను తల్లులను మా వీధిలో వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. ఆలేరు వైపు శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశముగారు తన తల్లి లక్ష్మిగారి యీ బాధను చూడజాలక, ఆరవ తరగతితో చదువు మానినవాడయ్యు, ఏండ్ల తరబడి ప్రయత్నించి 1999లో ఆసుయంత్రమును తయారుచేసి, దానికి తల్లి పేరే పెట్టెను. 2011లో దానికి పేటెంటును, 2017లో ఆయనకు పద్మశ్రీయు వచ్చినవి. ఆ కథ 2019లో చలనచిత్రముగ కూడ వచ్చినది. ఆయనకు మా స్త్రీలు చేతులెత్తి మ్రొక్కుదురు, ఎత్తగలిగినవారు. ఐనను యంత్రము కొనుటకు సొమ్ము కావలెను. అది లేని యిండ్లలో నేటికిని చేయియే యంత్రము.

ఇక సంఘమనగా నేమి? సంఘము నేతగానికి నూలును రంగును ఇచ్చును, నేసిన చీరను తీసికొని మజూరి యిచ్చును, చీరలను అమ్మును. ఏ బొమ్మ నేయవలెనో, ఏ రంగు మానవలెనో, ఏ పనికి ఎంత కూలి యీయవలెనో నిర్ణయించునది పాలకవర్గము. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, డైరెక్టర్లు. వారిని సభ్యు లెన్నుకొందురు. జీతమునకు మేనేజరొకడు. ఇదంతయు 1964 నాటి సహకార చట్టము ననుసరించి జరుగును. పైకి చూడ సూత్రము చక్కగానే యున్నది: కళను బ్రతికించుకొను పని చేసెడివారి చేతిలోనే పెట్టినారు. ఐతే 'పని చేసెడివారు' ఎవరన్నది చిట్టాలో వ్రాయబడినవారే. చిట్టాలో నున్నది మగ్గము. మగ్గ మున్నది మగవాని పేర. ఆసుపోసినది, కండెలు చుట్టినది, చిటికి కట్టినది చిట్టాలో లేరు. 2004-05లో పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడును, దానికై దరఖాస్తు పెట్టినది అచ్చటి నేతపనివారి సహకార సంఘమును, పట్టుచీరల తయారీదారుల సంఘమును. అది మంచిపనియే, అట్లు కాకున్న పేరు పరుల పాలగును. మేము చెప్పునది వేరు: పేరు సంఘమునది కాగా, సంఘము సభ్యులది, ముడి వేసినది సభ్యురాలు కాదు.

మాకు ఆ గదిలోపల చోటు దొరకుట మా గొప్పతనము వలన గాదు. మా మామగారు కాలము చేసిరి. మా యింటివారు అప్పటికే మావైపు అనేకులవలె భివండికి పోయి మరమగ్గముమీద పనిచేయుచుండిరి. ఇంటి మగ్గము, దానితోడి వాటాయు మా పేరికి మారినవి. ఇంతలో 97వ రాజ్యాంగ సవరణ 2012 ఫిబ్రవరి 15 నుండి అమలునకు వచ్చినది. సహకార సంఘముల పాలకవర్గములలో స్త్రీలకు రెండు స్థానము లుంచవలెననియు, గడువు ఐదేండ్లనియు దానిలో నున్నది. సభ్యులలో స్త్రీలున్న సంఘములకే యన్న మెలిక కూడ నున్నది. మా పెద్దలు చిట్టా తిరుగవేసి చూడగా ఆడుపేర్లు వ్రేళ్ళమీద లెక్కింపదగినవే. వారిలో చాలమంది భర్తను పోగొట్టుకొని వాటా పొందినవారు. చదువ వ్రాయ నేర్చినవారు మేమును, మరియొక వదినెగారును. అధ్యక్షులుగారు మా యింటికి వచ్చి, "నీకేం పనుండది చెల్లె, పేరు ఇయ్యి చాలు" అనిరి. మేము పేరిచ్చితిమి. ఈ 'చాలు' అన్న మాటను అప్పుడే పట్టుకొనవలసినది.

ఇక మా తప్పు చెప్పుకొనవలెను. మొదటి నాలుగు సమావేశములకు మేము పోలేదు. సమావేశమైన మరునాడు గుమాస్తా పిల్లవాడు మినిట్సు పుస్తకమును చంకనిడుకొని వచ్చి, "అక్కా, ఇక్కడొకటి, ఇక్కడొకటి" అని వ్రేలితో చూపును. పొయ్యిమీది పప్పు పొంగకుండ ఒక కన్నుంచి, తడిచేయి కొంగున తుడిచికొని, మేము వ్రాలు చేయుదుము. వదినెగారును అంతే. చదువురాక చేసినది కాదు. ఇంటర్మీడియటు చదివినవారము, పత్రికలలో కథలు తెల్లవారువరకు చదువువారము, రెండు పుటల తీర్మానములను చదువలేదు. చదువ నక్కరలేదని యెవరును చెప్పలేదు. చదువవలెనని మాకు తోచలేదు.

అట్లు వ్రాలు చేసిన తీర్మానములలో నొకటి యిది: ఆసుయంత్రము వచ్చినది గనుక ఇకమీదట ఆసుకూలిని ప్రత్యేకముగ నీయక నేతమజూరిలోనే కలుపవలెను. వినుటకు చిన్నమాట. అంతకుముందు ఆసు పోసినవారు తమ చీటితో వచ్చి తమ కూలిని తాము తీసికొనుచుండిరి. ఈ తీర్మానముతో మొత్తము సొమ్ము మగ్గము గలవాని చేతికి పోవును. ఇంటి ఆసు ఇంటివారే పోసికొను కుటుంబములలో దీనివలన గలుగు భేదము గొప్పది కాదు. ఆ యింటి యిల్లాలు తన చీటిపైసలతో పిల్లవానికి పలక కొనునది మానవలసివచ్చును, అంతే. కాని మగ్గము లేక, నలుగురి యిండ్లకు ఆసు పోసి పొట్టపోసికొను ఒంటరి స్త్రీలు మా యూర పదునొకండుగు రుండిరి. వారి కూలి ఇక నేతగాని దయ.

మా పక్కయింటి పెద్దమ్మ వారిలో నొకతె. ఆమె రెండు నెలలు ఓర్చి, ఒకనాటి సాయంకాలము మా యరుగుమీద కూర్చుండి నిదానముగ నడిగినది: "నా చీటి ఎవలు బంద్ చేసిండ్రు బిడ్డా?" మేము, కనుగొని చెప్పెద మంటిమి. మరునాడు కార్యాలయమునకు పోయి పుస్తకము తెమ్మంటిమి. మేనేజరు తిరుగవేసి చూపినాడు. తీర్మానము క్రింద ఏడవ వ్రాలు మాది. ఒత్తులు దీర్ఘములు చక్కగ వచ్చినవి. మా దస్తూరి బాగుండునని బడిలో పంతులుగారు మెచ్చుకొనుచుండిరి.

ఆ రాత్రి పెద్దమ్మతో ఆ మాట చెప్పలేకపోతిమి. తరువాత నెల సమావేశమునకు పోతిమి. వదినెగారిని కూడ లాగికొని పోతిమి.

లోపల చూచిన సంగతి యేమన, పెద్దలు దుర్మార్గులు కారు. ఇది స్పష్టముగ చెప్పవలెను. అధ్యక్షులుగారు తన సొంతపని మానుకొని హైదరాబాదునకు ఎన్ని సారులో తిరిగి, నిలిచిపోయిన చీరల బకాయిలను రాబట్టినవారు. కాని పాలకవర్గములో ఇద్దరికి మగ్గము విప్పి పదేండ్లైనది. ఒకరికి నూలు దుకాణము. చిటికి కట్టినవా రొక్కరును లేరు. కనుక బొమ్మను గూర్చి మాటలాడునప్పుడు వారు అమ్మకము మాటయే యెరుగుదురు గాని ముడి మాట యెరుగరు. ఒక వ్యాపారి తెచ్చిన క్రొత్త నమూనా కాగితమును చూచి, పాతదాని కూలియే దీనికిని నిర్ణయింపబోయిరి. వదినెగారు అంతవరకు నోరు విప్పనివారు, ఆ కాగితము తీసికొని, దానిలోని గడులను పెన్సిలుతో లెక్కపెట్టి, "పాతదాని మీద ఇండ్ల సగం ముడులు ఎక్కువున్నయి అన్నా" అనిరి. ఎవరును నమ్మలేదు. మరునాడు రెండు నూలుచిలపలను కట్టి తెచ్చి బల్లమీద పరచిరి. పెద్దలందరు వంగి ముడులు లెక్కించిరి. కూలి హెచ్చించిరి. అంతటి సులువైన పని అంతకుముందు ఏల జరుగలేదా యని మాకిప్పటికిని ఆశ్చర్యమే.

కళలను పోషించు సంస్థలను కళ తెలిసినవారే యేలవలెనన్నది క్రొత్త మాట కాదు. 1954లో ఢిల్లీలో లలితకళా అకాడమీ ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షులైన దేవీప్రసాద్ రాయ్ చౌదరిగారు స్వయముగ చిత్రకారులు, శిల్పులు. మదరాసు కళాశాలలో మన తెలుగు చిత్రకారులకును గురువులు. హస్తకళలకు 1952లో ఏర్పడిన అఖిలభారత బోర్డునకు అధ్యక్షురాలు కమలాదేవీ చటోపాధ్యాయగారు. బాల్యముననే వైధవ్యము పొంది, పునర్వివాహము చేసికొని, జైళ్ళు చూచి, ఊరూర తిరిగి కుమ్మరిని సాలెను పేరుపెట్టి పలుకరించిన మహనీయురాలు. ఆ హస్తకళల బోర్డును, దాని తోడిదగు చేనేత బోర్డును 2020లో ఎత్తివేసిరి. అంతదూర మేల? మన పాలమూరు సీమలో గద్వాల సంస్థానమును 1949 వరకు ఏలినది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారు. నూలు ఒడలికి పట్టుటంచు అతుకు ఆ గద్వాల చీర యామె పోషణలో వెలసినదని, నేతగాండ్రను కాశికి పంపి పని నేర్పించినదని అచ్చటివారు చెప్పుకొందురు. రాణి యేలవచ్చును, ఢిల్లీలో విదుషీమణి యేలవచ్చును. మా యూరి గదిలో మాత్రము మాకు కుర్చీ వేయుటకు గుమాస్తా పిల్లవాడు పక్కయింటికి పరుగెత్తవలసివచ్చెను. ఉన్న కుర్చీలు లెక్కకు సరిగా నుండెను.

ఆసుకూలి తీర్మానమును తిరుగదోడుట పాలకవర్గమున మావలన కాలేదు. ఇద్దరము ఒకవైపు, తక్కినవారు మరియొకవైపు. సర్వసభ్య సమావేశమున పెట్టుదమనిరి. ఆనాడు పదునొకండుగురు స్త్రీలును వచ్చిరి. సభ్యులు కానివారు లోపల మాటలాడరాదని నియమము. నియమము నియమమే, తప్పు పట్టలేము. వారు వాకిట బండమీద కూర్చుండిరి. పెద్దమ్మ కిటికీదగ్గర నిలుచుండెను.

మా వంతు వచ్చినప్పుడు లేచితిమి. కాళ్ళు వణకినవి. వ్రాసికొనిపోయిన కాగితమును చదువలేదు. "ఆ తీర్మానము మీద మా సంతకమున్నది. మేము చదువక చేసితిమి. చదివియుండిన చేయకుందుము. దానివలన బయట కూర్చున్నవారి చీటి పోయినది" అంటిమి. సభలో గొల్లుమన్నారు. ఒకాయన లేచి, చదువక వ్రాలు చేయువారు డైరెక్టరుగా నేల యుండవలెనని యడిగెను. న్యాయమైన ప్రశ్నయే. మరియొకాయన, ఇంత వయస్సున్న ముసలాయన, తాను ముప్పదియేండ్ల క్రిందట డైరెక్టరుగా నుండినప్పుడు తానును చదువక చేసినవాడనే యని లేచి చెప్పెను. అప్పుడు నవ్వులు. ఆ నవ్వులలోనే సగము కోపము తీరినది. యంత్ర మున్న యిండ్లెన్ని యని మేనేజరును అడిగితిమి. లెక్క చదివినాడు. సగమునకు లోపలనే. చేతులెత్తించిరి. ఆసుచీటి తిరిగి వచ్చినది. పోయిన నెలల కూలి మాత్రము రాలేదు. దానికి పద్దు లేదనిరి.

కిటికీవైపు చూచితిమి. పెద్దమ్మ లేదు. ఇంటికి పోవుచు అరుగుమీద ఆమెను చూచి దగ్గర కూర్చుంటిమి. చాలసేపు ఊరకుండి, "నీ సంతకమేనా బిడ్డా?" అనెను. ఔనంటిమి. "చెప్తివి గద, నలుగుట్ల" అని ఆసుచట్టము సర్దుకొనెను. ఆమె క్షమించినదో లేదో మేము అడుగలేదు.

తరువాత సభ్యత్వము మాట యెత్తితిమి. నేతపనికి సంబంధించిన యే పని చేయువారైనను నేతపనివారే గదా యన్నది మా వాదము. మగ్గము లేనివారికి వాటా యేల యన్నది వారిది. పదునొకండు దరఖాస్తులు పెట్టించితిమి. వారిలో నలుగురికి ఏదో యొక మూల విరిగిన మగ్గము పేరున్నది, వారిని చేర్చుకొనిరి. తక్కిన ఏడింటిని స్పష్టీకరణకై శాఖవారికి పంపిరి. ఏడింటిలో పెద్దమ్మది మూడవది. పంపిన ఉత్తరపు నకలును మేము చూచితిమి. ఈ మారు చదివియే చూచితిమి.

మా గడువు ముగిసినది. మరల ఎన్నిక జరుగలేదు. గడువు తీరినవారి స్థానమున మినిట్సు పుస్తకమున వ్రాలు చేయుటకు ఒక అధికారిని నియమించిరి. పైగా 2021 జూలై 20న సర్వోన్నత న్యాయస్థానము ఆ 97వ సవరణను, రాష్ట్రములలోని సంఘముల మట్టుకు, శాసనసభల ఆమోదము పొందలేదన్న కారణమున కొట్టివేసినది. మేము కూర్చున్న కుర్చీకి ఆధారమేమో యిప్పుడు వకీళ్ళు చెప్పవలెను. వదినెగారు నవ్వి, "మనం కూసున్నది నిజమే గద" అనిరి.

పోయిన నెల మజూరికై పోయినప్పుడు గోడకు సున్నము వేయించుచుండిరి. పటములను దించి బల్లకు ఆనించి వరుసగ నిలిపిరి. వెనుకవైపున వారి యేండ్లు వ్రాసియున్నవి. అధికారివారికి పటము పెట్టుదురా యని గుమాస్తాను అడిగితిమి. ఇప్పుడతడు పిల్లవాడు కాడు, పెండ్లియైనది. "పెట్టరక్కా" అన్నాడు.

పెద్దమ్మకు భుజము పూర్తిగ పడిపోయినది. ఆసు మాని కండెలు మాత్రము చుట్టుచున్నది. మొన్న కండెల కొరకు మా యింటికి వచ్చి, "మీటింగు ఎప్పుడంట బిడ్డా?" అని యడిగెను. తెలియదంటిమి.

"తెలిసిననాడు చెప్పు. పొద్దుగాల్నే వస్త" అని, గంప నెడమచేత పట్టుకొని వెడలినది.